ఒంటి తుమ్ము

సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో మెషిన్లు బిగించడానికి జర్మనీ నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన, రాయపూర్‌లో మా మేడమీద ఏడాదిపాటు అద్దెకున్నాడు. నిలకడ లేని మనిషి. కూర్చున్నంతసేపూ మోకాలు ఆడిస్తూనే ఉండేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు నాన్న డ్యూటీకి బయల్దేరుతుంటే ఆయన మెట్ల మీద తుమ్మాడు. నాన్న వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మరీ వెళ్లాడు. తన తుమ్ముకీ ఆ నీళ్లకీ సంబంధమేమిటో ఎంత చెప్పినా ఆయనకు అర్థం కాలేదు. అయినా అప్పట్నుంచి మాలో ఎవరు చెప్పులేసుకున్నా ముక్కు గట్టిగా పట్టుకుని నిలబడేవాడు. ఫ్యాక్టరీ దుమ్ముకి పాపం కళ్లు ఎర్రబడేవి.

తన దేశం వెళ్లిపోయే రోజున, సూట్‌కేసుతో ఆయన గేటు దాటబోతుంటే, జలుబేమీ లేని అమ్మ వెనకనుంచి తుమ్మింది. ఆయన టక్కున ఆగి గడియారం చూసుకున్నాడు.

"బైఠో బాబూ, పానీ పీకే జావో," అంది అమ్మ.

వచ్చి కూర్చున్నాడు. మోకాలు ఆడుతూనే ఉంది. బయట ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. లోపలికెళ్లిన అమ్మ ఎంతకీ రాదే. విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్లాను.

నిండు గ్లాసు చేత్తో పట్టుకుని, ఊరికే నిలబడి ఉంది.