తాత తరిమిన గోరింకలు

మొన్న మా మనవరాలు బడి ప్రాజెక్టు కోసం మేడ మీది నుంచి తీసిన పిట్టల గుంపు ఫొటోను సెల్‌ఫోనులో చూపించి, ఇవేం పిట్టలని అడిగితే, కళ్ళజోడు వెతుక్కోకుండానే చెప్పేశాను. గులాబిరంగు ఒళ్ళు, నల్లటి తల, నల్లటి రెక్కలు. ఆ గోరింకలతో నా తగవు ఇప్పటిది కాదు.

పత్తికొండ దగ్గరి మా ఊళ్ళో నా చిన్నప్పుడు ఎటు చూసినా జొన్నే. పైరు మీదా, కోత అయ్యాక కళ్ళంలో ఆరే కంకుల మీదా అవి గుంపులుగా దిగేవి. ఒడిసెలలో రాయి పెట్టి తిప్పుతూ మా తాత కాపలా నిలబడేవాడు. ఉగాది దాటాక వారంపాటు పిట్ట కనబడకపోతే అప్పుడు ఒడిసెలను దూలానికి తగిలించేవాడు. ఆ పూట కొత్త జొన్నల మొదటి రొట్టె ఆయనకే. ఆయన తిన్నాకే ఇంట్లో మిగతావాళ్ళకు. వాటిని తరిమింది తాతేనని నేను ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని.

ఎనిమిదో తరగతిలో సైన్సు టీచరమ్మ, పక్క ఊరి పాస్టరుగారి కూతురు, ఎండలు ముదిరేసరికి ఈ పిట్టలు గూళ్ళు కట్టుకోవడానికి మధ్య ఆసియాకు పోతాయని అట్లాసులో వేలు పెట్టి చూపించింది. నేను లేచి, కాదు, మా తాత రాళ్ళకే పోతాయన్నాను. ఆవిడ నవ్వలేదు. ఎవరి ఊళ్ళో గుంపు ఏ రోజు మాయమవుతుందో రాసుకురమ్మని పిల్లలందరికీ చెప్పి, నన్ను మాత్రం ఎవరూ రాయి విసరని బీడు భూమిలోని తుమ్మచెట్లను కూడా కనిపెట్టి చూడమంది. పంతంకొద్దీ రోజూ సాయంత్రం పోయి చూశాను. చివరికి పుస్తకాలు తెరిస్తే అన్ని ఊళ్ళలోనూ అదే వారం. నా తుమ్మచెట్లూ మా చేనుతోపాటే ఖాళీ అయ్యాయి.

తరగతిలో ఓడిపోయినందుకు కాదు, తాత రొట్టె అబద్ధమైపోయిందే అని ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే ఆయన ముందు రొట్టె పెట్టారు. దాచలేక చెప్పేశాను.

“అవి పోతాయని నాకు తెల్దనుకుంటివా తల్లీ? పోయేదంకా గింజను కాపాడేదే నా పని,” అని, తన రొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టాడు.

తర్వాత నేనూ సైన్సు టీచరునై, ఏ తరగతికి వెళ్ళినా పిల్లలను ముందు పొలానికే నడిపించాను. అందులో నాకు ఈనాటికీ గర్వమే. ఈ ఏడూ ఉగాది దాటగానే అవి వెళ్ళిపోతాయని మనవరాలికి ధీమాగా చెప్పాను. పిట్టలు మాట తప్పేవి కావు. మా చేనే పత్తికీ టమాటాకూ మారిపోయింది, రొట్టెలకు జొన్నలు అంగట్లో కొంటున్నాం. తాత ఒడిసెల నా దగ్గరే ఉంది గానీ, అవి పోయేదాకా కాపాడుకోవలసిన గింజే మా ఊళ్ళో లేదు.