మిషిగన్‌లో జమాబందీ

ఆ రోజుల్లో నాకు భయపడటానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. ఎనభైల నడుమ మిషిగన్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదవడానికి వెళ్ళాను. మా యూనివర్సిటీలో ఉన్న మిగతా తెలుగువాళ్ళంతా ఇంజనీర్లు కావడంతో నన్ను దారితప్పి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేవారు. ఫోన్ మోగితే భయం, మంచు పడితే భయం, ప్రొఫెసర్ గారు నా పేపరు చూసి ‘ఇంట్రెస్టింగ్’ అంటే మరీ భయం (ఆ మాటకి అక్కడ బాగుందని అర్థం కాదని అప్పటికే తెలిసిపోయింది). అన్నిటికన్నా పెద్ద భయం అసిస్టెంట్‌షిప్ గురించి. ఆ సెమిస్టర్ సెమినార్‌లో బి కన్నా తక్కువ వస్తే అది పోతుంది, అది పోతే చదువు పోతుంది, ఆ వెనకే వీసా. ఇంటికి వెళ్ళి ఏమని చెప్పాలో కూడా అప్పుడప్పుడు మనసులో రిహార్సల్ వేసుకునేవాణ్ణి.

సెమినార్ నడిపే ప్రొఫెసర్ గారికి కౌబాయ్ బూట్ల పిచ్చి. ఆయన ప్రతి విద్యార్థికీ తనది కాని దేశంలో ఒక మారుమూల ప్రాంతాన్ని అప్పజెప్పి, దాని చరిత్ర, భూగోళం, పరిపాలన గంటసేపు చెప్పమన్నారు. నాకు ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఒక ఆంఫో వచ్చింది. ఆంఫో అంటే ఇంచుమించు మన తాలూకా. (దాని పేరు ఇప్పటికీ సరిగ్గా పలకలేను కనుక రాయను.) లైబ్రరీలో బ్యాంకాక్ గురించి బీరువాడు పుస్తకాలున్నాయి, నా ఆంఫో గురించి రెండు పేజీలు దొరికాయి. అది ఒకప్పుడు పక్క ఆంఫో కింద చిన్న శాఖగా ఉండి, తర్వాత విడిపోయిందట. ఇసుక నేల, సమయానికి రాని వాన, జిగురు బియ్యం పంట, ఇంటింటా పట్టు నేత. పైన ప్రభుత్వం పంపిన ఆఫీసరు, కింద ఊరికొక పెద్ద. ఆ పెద్ద చావుపుట్టుకలు రాస్తాడు, తగువులు తీరుస్తాడు, నెలకోసారి ఆఫీసరు దగ్గర మీటింగుకి వెళ్ళి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఇది చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇతను మా తాతయ్యే కదా అనుకున్నాను. మా తాతయ్య కరణం, ఆయన తండ్రీ కరణమే. ఇంకేముంది, పుస్తకం ఆగిపోయిన చోటునుంచి మా ఇంటి సంగతులతో రాసుకుంటూ పోయాను. ఊరి లెక్కలు తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి కాక మరెక్కడికైనా వెళ్తాయన్న ఊహే నాకు రాలేదు.

నా వంతు దగ్గరపడ్డాక పిడుగులాంటి వార్త తెలిసింది. వెనక వరసలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని మౌనంగా కూర్చునే నడివయసు పెద్దమనిషి థాయ్ ప్రభుత్వం ట్రైనింగుకి పంపిన ఆఫీసరట. సరిగ్గా నా ఆంఫోలోనే కొన్నేళ్ళు పనిచేశారట. ఆ పైన, ఏ దేశం గురించి చెబితే ఆ దేశపు మనిషి మొదటి ప్రశ్న అడగాలని ప్రొఫెసర్ గారి నియమం. నాకు అన్నం సహించడం మానేసింది. నా రూమ్మేట్‌ది వరంగల్, వయసులో పెద్దవాడని అన్నా అనేవాణ్ణి. ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. “అడిగితే అడగనీ. తెల్వదని చెప్పు, అయిపాయె” అన్నాడు.

కానీ మా వంశంలో తెలియదని చెప్పే ఆనవాయితీ లేదు. ఏడాదికోసారి జమాబందీకి, అంటే ఊరి లెక్కలు తనిఖీ చెయ్యడానికి, ఆఫీసరు వస్తే మా ఇంట్లో ఉన్న ఉపాయం ఒక్కటే: భోజనం. ఆయనకి కంద ఇష్టమో వంకాయ ఇష్టమో మామ్మ ముందే కనుక్కునేది. కడుపునిండా తిని నవారు మంచం మీద నడుం వాల్చిన ఆఫీసరు ఆఖరి దస్త్రం దాకా చూడడని తాతయ్య నమ్మకం. అందుకని నా వంతుకి ముందు రోజు సాయంత్రం ఆ పెద్దమనిషిని మా అపార్ట్‌మెంట్‌కి భోజనానికి పిలిచాను. చింతపండు ట్రాయ్ అనే ఊళ్ళో తెలిసిన వాళ్ళ నుంచి తెప్పించాను. గుమ్మడికాయంత అమెరికా వంకాయని గుత్తివంకాయ చెయ్యబోతే అది సగం ఉడికి సగం అలిగింది. పులిహోర, పప్పు, సేమ్యా పాయసం, నాలుగు రకాల పచ్చళ్ళు. అన్న వంటింటి గుమ్మంలో నిలబడి, “ఏంది బై, గిన్ని వండినవ్, పెండ్లి చూపులా?” అన్నాడు. జవాబు చెప్పే ఓపిక కూడా లేదు, ఎందుకంటే అప్పుడే కుక్కర్ మూత తీశాను. అన్నం ముద్దయిపోయింది. స్టవ్ ముందు నిలబడి నిజంగా ఏడుపు ఆపుకున్నాను.

ఆయన సంచీనిండా కమలాపళ్ళు పట్టుకుని వచ్చారు. ముద్దయిన అన్నం చూసి ఆయన మొహం వెలిగిపోయింది. చెంచా పక్కన పెట్టి, వేళ్ళతో ఉండలు చేసుకుని, పప్పులో అద్దుకుంటూ తృప్తిగా తిన్నారు. వాళ్ళ ప్రాంతంలో జిగురు బియ్యం అలాగే తింటారట. (అంత చదివినవాణ్ణి, ఈ ముక్క నా నోట్సులో లేదు.) కొసరి కొసరి వడ్డించాను. ఆ ఉత్సాహంలో నోరు జారి మా ఇంటి జమాబందీ భోజనాల వైభవం కూడా వర్ణించాను. ఆయన ఇంగ్లిషు మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడేవారు. అంతా విని తల ఊపి, “మా దగ్గరా అంతే. భోజనం మరీ బాగుంటే నేను ముందు లెక్కలే తెప్పించేవాణ్ణి” అన్నారు. కంగారులో ఆయనకి ఇంకో గరిటె పాయసం వేసేశాను. అన్న దగ్గు నటిస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

తాతగారు ఎలా ఉన్నారని ఆయనే అడిగారు. ఆ ఏడాదే మా రాష్ట్రంలో కరణాల పదవులు రద్దయ్యాయి. తాతయ్య దస్త్రాలు అప్పగించేసి ఇంటికి వచ్చాడనీ, అప్పట్నుంచీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదట అనీ చెప్పాను. ఆయన ఇంకొంచెం పాయసం వెయ్యమన్నారు.

మర్నాడు సెమినార్‌లో చరిత్ర, భూగోళం గట్టెక్కాయి. పరిపాలన ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అయిపోగానే ఆయన లేచి, ఊరిపెద్ద చనిపోతే తర్వాత ఎవరని అడిగారు. పెద్దకొడుకు అన్నాను. కొడుకుకి చదువు రాకపోతే? రెండో కొడుకు. అసలు కొడుకులే లేకపోతే? నేను తడుముకోకుండా దత్తత అన్నాను. క్లాసంతా గొల్లుమంది. తమ ఊళ్ళలో జనమంతా కలిసి చేతులెత్తి ఎన్నుకుంటారని ఆయన నెమ్మదిగా చెప్పి, ఈ అబ్బాయి పద్ధతిలో గొడవ తక్కువ అని కూర్చున్నారు. ప్రొఫెసర్ గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఎక్కడికెళ్ళినా ఎవరి ఊరు వాళ్ళు మోసుకుని తిరుగుతారని చూపించడానికే తాను ఈ పని పెట్టానన్నారు. బి ప్లస్ ఇచ్చారు. ఆ గ్రేడు చూశాక గానీ నాకు మళ్ళీ అన్నం సహించలేదు.

తర్వాతి వారం వంతు ఆయనది. ఆయనకి వచ్చింది ఆంధ్రాలో ఒక తాలూకా. నా భయంలో ఎవరికి ఏది వచ్చిందో నేను కనుక్కోనే లేదు, ఆ కమలాపళ్ళు ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమైంది. ఈసారి మొదటి ప్రశ్న అడగాల్సింది నేనే కదా. ఆయన కరణాల సంగతి తప్పు లేకుండా చెప్పి, ఆ పదవులు ఈ ఏడాది పోయాయని ముగిస్తూ, తానైతే ఊళ్ళో ఎన్నిక పెట్టి చూసేవాణ్ణన్నారు. నేను లేచి, పెడితే పాత కరణానికి ఎంతమంది చేతులెత్తేవారని అడిగాను.

“అందరూ” అన్నారు.

చదువు పూర్తయ్యాక ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథంతా తాతయ్యకి చెప్పాను. పడక కుర్చీలో కళ్ళు మూసుకుని, థాయ్‌లాండ్ ఎక్కడుందో కూడా అడక్కుండా విన్నాడు. అక్కడి ఆఫీసరు, ఊళ్ళో అందరూ తాతయ్యకే చేతులెత్తుతారని చెప్పారన్నాను. తాతయ్యకీ మా ఊరి మునసబుకీ నేను పుట్టకముందునుంచీ మాటల్లేవు. తాతయ్య ఒక కన్ను తెరిచి, “మునసబు కూడానా?” అని అడిగాడు.

“కూడా తాతయ్యా” అన్నాను. తాతయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు, కుర్చీ కాసేపు కదులుతూనే ఉంది. ఇప్పుడు నాకు ఇంచుమించు అప్పటి ఆయన వయసు. ఫోన్ మోగితే ఉలిక్కిపడే ఆ కుర్రాడు ఆ ఒక్క అబద్ధం మాత్రం ఏ బెరుకూ లేకుండా చెప్పేశాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వెళ్ళి ఒకసారి భుజం తట్టి రావాలనిపిస్తుంది.