చంతీ మావ చెట్ల అలక

చంతీ మావ పొలంలో కాలు పెట్టాలంటే ముందు స్నానం చెయ్యాలి. ఇంట్లో చేసి వచ్చామంటే కుదరదు. ఆయన గేటు పక్కన, ఆయన గోలెం దగ్గర, ఆయన కళ్ళెదుట, ఆయన కొట్టిన కుంకుడుకాయ రసంతో చెయ్యాలి. తరవాత మన బట్టలు బుట్టలో పడేసి, ఆయనిచ్చిన ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు చుట్టుకోవాలి. అప్పుడు మావ మన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మెడ దగ్గరా చంకల దగ్గరా వాసన చూసి, "సరే, పో. చెట్లు ఏవన్నా అంటే నాకు చెప్పు" అంటాడు.

అవి గంజాయి చెట్లు. ఫూఫాన్ కొండల కింద నోంగ్ ఖామ్ ఊళ్ళో, సర్కారు అనుమతితో, ఆసుపత్రివాళ్ళ నొప్పుల తైలం కోసం పెంచేవి. ఎరువంటే పేడా, చేపల కుళ్ళూ, వేపపిండీ. పురుగుమందు చుక్క తగలకూడదు. తులసివనంలో గంజాయి మొక్క అని మనం తిట్టుకుంటాం గానీ, మావ పురుగు రాకుండా గంజాయి చుట్టూ తులసే నాటాడు. రెండూ ఏ తగాదా లేకుండా ఏపుగా పెరుగుతున్నాయి.

నిరుడు పాదుల్లో పరవడానికి మావ ఎవరి పొలంలోదో ఎండుగడ్డి తెచ్చాడు. ఆ గడ్డికి ఎప్పుడో కొట్టిన మందు, ఆసుపత్రి పరీక్షలో పువ్వుల్లో తేలింది. పంటంతా తగలబెట్టారు. ఈ ఏడు కూడా తప్పిందంటే అనుమతి రద్దు. ఆ దెబ్బకి మావకి మతి చలించిందని ఊరు తీర్మానించింది. మావ మాత్రం జంకలేదు. "ఈసారి నా పంట తప్పితే నా పేరు చంతీయే కాదు" అని జబ్బ చరిచి, గేటు పక్కన గోలెం పెట్టాడు.

ఒకరోజు జిల్లా అధికారి ఇస్త్రీ చొక్కా వేసుకుని పొలం చూడ్డానికొచ్చాడు. మావ గాలి పీల్చాడు.

"అయ్యా, ఏం సెంటు?"

"పారిస్‌ది" అన్నాడు అధికారి, మురిసిపోతూ.

"అక్కడే ఉండాల్సింది. చెంబు అందుకోండి."

గళ్ళ తువ్వాలులో ఆయన ఫొటో ఇప్పటికీ ఊరి టీ కొట్లో వేలాడుతోంది. ఊరి గుడి పెద్ద స్వామివారు దోమల మందు రాసుకుని వచ్చినప్పుడు మాత్రం మావకి చిక్కొచ్చి పడింది. సన్యాసికి చెంబు ఎలా ఇస్తాడు? మోకాళ్ళ మీద కూలబడి, "స్వామీ, నా చెట్లు ఒట్టి పాపిష్టివి, తమరి పుణ్యాన్ని తట్టుకోలేవు" అని దండం పెట్టి గేటు దగ్గర్నుంచే సాగనంపాడు. స్వామివారు నవ్వుకుని గేటుని ఆశీర్వదించి వెళ్ళారు.

పోనీ మావకి కంపంటేనే పడదా అంటే అదీ కాదు. పులిసిన చేపల జాడీ చంకనెట్టుకుని వస్తే నవ్వుతూ రానిస్తాడు. "ఇది తినే కంపు. అది తినేసే కంపు" అంటాడు.

ఇవన్నీ పొలంలోకి వెళ్ళేవాళ్ళ కష్టాలు. ప్రసోంగ్ కష్టం వేరు. అతను పొలంలోకి వెళ్ళడు. అవతలి టమాటా తోటల్లో కూలికి పురుగుమందు కొట్టి, సాయంత్రం మోటారుసైకిలు మీద ఇంటికి పోతుంటాడు. దారి మావ గేటు ముందునుంచే. మావ రోడ్డుకి అడ్డంగా చెంబు పట్టుకుని నించుంటాడు.

"దిగు."

"నేను నీ పొలానికి రావట్లేదు మావా! ఇంటికి పోతున్నా!"

"నువ్వు రావు. నీ మీది వాసన వస్తది. గాలికి దారీ డొంకా ఉంటాయా? నా చెట్లు అలిగితే పువ్వు నల్లబడిపోద్ది. దిగరా."

"చలికి చచ్చిపోతా మావా."

"నువ్వు చస్తే బతికించొచ్చు. చెట్లు అలిగితే ఎవడు బతిమాలతాడు?"

ఆ శీతగాలి కొండ మీంచి రివ్వున కొడుతుంటే, ప్రసోంగ్ పళ్ళు టకటకలాడించుకుంటూ నీళ్ళు పోసుకునేవాడు. బట్టలు బుట్టలో వెయ్యాలి. అతని తువ్వాలు కూడా వెయ్యాలి. ఆ ఊళ్ళో మగాడికి తువ్వాలంటే సగం ఆస్తి. మందు కొట్టేటప్పుడు మొహానికి అదే, చెమట తుడుచుకోడానికి అదే, సంతలో సంచీ అదే, ఇంటికొచ్చాక పిల్లకి ఉయ్యాలా అదే. మావ దాన్ని రెండు వేళ్ళతో చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని బుట్టలో పడేసి, "పొద్దున్న ఉతికింది పట్టుకెళ్దువుగాని, ఇప్పుడు ఇది చుట్టుకో" అని ఆకుపచ్చ గళ్ళది ఇచ్చేవాడు.

సక్ అని ప్రసోంగ్ జతగాడు ఒకడున్నాడు. అతనూ మందు కొట్టేవాడే. స్నానం తప్పించుకోవడానికి చెరువు చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు. పోతూ పోతూ కేక వేసేవాడు. "ఏరా, చెట్ల అల్లుడూ! అత్తగారింట్లో నలుగు పెట్టారా?"

ప్రసోంగ్‌కి తిక్క రేగేది. కానీ పంట పోతే నింద మందు కొట్టేవాళ్ళ మీదే పడుతుందని భయం. అందుకే తిట్టుకుంటూ పోసుకునేవాడు. ఇంట్లో మాత్రం ఆ చలికాలం బాగా గడిచింది. పుట్టినప్పట్నుంచి ఒళ్ళంతా దద్దుర్లతో ఏడ్చే కూతురు నోయ్, హాయిగా నిద్రపోవడం మొదలెట్టింది. భార్య బువా ఆ పుణ్యమంతా గుళ్ళో కట్టించిన తాయెత్తుదే అంది.

పువ్వు పక్వానికొచ్చింది. ఆసుపత్రి నుంచి మందుల డాక్టరమ్మ పిమ్‌చాయ్ నమూనాలు తీసుకోవడానికొచ్చింది.

"పెద్దాయనా, రవ్వంత మందు తగిలినా మొత్తం తగలబెట్టాల్సిందే. నా చేతుల్లో ఏం లేదు."

"మీ చేతుల్లో ఏం లేకుండా చూసుకుందామమ్మా. చెంబు తీసుకోండి. ఆడవాళ్ళకి అదిగో తడిక ఉంది."

పరీక్ష ఫలితం వచ్చేదాకా ఊరంతా గోళ్ళు కొరుక్కుంది, ప్రసోంగ్ అందరికన్నా ఎక్కువ. మావ మాత్రం కూర్చుని కోతకి కత్తెర్లు నూరుకున్నాడు. ఫలితం వచ్చింది. మందు జాడే లేదు! మావ చెట్లు కోసి, పువ్వు ఆరబెట్టి, ఆసుపత్రికి అప్పజెప్పాడు. పొలంలో మోళ్ళు మిగిలాయి. ప్రసోంగ్‌కి మోక్షం వచ్చినట్టయింది.

మర్నాడు సాయంత్రం ఈల వేసుకుంటూ వస్తుంటే, రోడ్డుకడ్డంగా చెంబు!

"దిగు."

"మావా! చెట్లు కోసేశావు కదా! ఇంకెవరు అలుగుతారు?"

మావ మొదటిసారి తడబడ్డాడు. "మోళ్ళున్నాయి కదరా."

"మోళ్ళు ముక్కు మూసుకుంటాయా?"

"తులసి ఉంది. అది ఇంకా కోపిష్టిది."

"నీ తులసికో దండం, నీకో దండం" అని ప్రసోంగ్ పక్కనుంచి బండి లాగించేశాడు. ఇంటికెళ్ళగానే బువా అలవాటు ప్రకారం అతని మెడలో తువ్వాలు లాగి, దూలానికి కట్టి, నోయ్‌ని అందులో వేసింది. పిల్ల రెండు ఊపులు ఊగిందో లేదో, తుమ్మి, కళ్ళు నులుముకుని, కెవ్వుమంది. చెంపల మీద ఎర్రగా దద్దుర్లు తేలాయి.

బువా పిల్లని ఎత్తుకుని ఉయ్యాల వాసన చూసింది. "ఏవయ్యా, ఇదేంటి? రోజూ కుంకుడుకాయ వాసనొచ్చేది, ఇవాళ మందు కంపు కొడతంది."

ప్రసోంగ్ తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పిల్లని కడిగించి, దుప్పటితో ఉయ్యాల వేయించి, తువ్వాలు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి తిరిగొచ్చాడు. కొండగాలి ఎప్పట్లాగే పొలం మీంచి రోడ్డు మీదకి వీస్తోంది. అప్పుడు తట్టింది అతనికి. చలికాలమంతా గాలి ఇటే. అతని మీది వాసన ఆ చెట్లకి తగిలే దారే లేదు!

"మావా, గాలి ఇటు కదా?"

"మరి ఎటనుకున్నావు?"

"నోయ్ ఉయ్యాల సంగతి నీకు తెలుసా?"

"మీ ఇంటి ముందునించి పోతా చూశా. బంగారం లాంటి పిల్లని తెచ్చి మందు డబ్బాలో పడుకోబెడుతున్నారు వెధవలు."

"నాకు చెప్పొచ్చు కదా మావా!"

"చెప్తే ఏమంటావు? 'నేను దున్నపోతుని, నాకేమవుద్ది' అంటావు. నీ ఒంటి కోసమంటే వినే మగాడు ఈ ఊళ్ళో పుట్టలేదు. చెట్ల కోసమన్నా, చచ్చినట్టు పోసుకున్నావు."

ప్రసోంగ్‌కి ఆ ముసలాడి కాళ్ళ మీద పడాలనిపించింది. మావ పడనివ్వలేదు, చెంబు చేతిలో పెట్టాడు. "ముందు పోసుకో. తరవాత పడు."

మర్నాడు సాయంత్రం సక్ చెరువు చుట్టూ తిరిగి పోతున్నాడు. అతని ఇంట్లోనూ రెండు నెలల పిల్లాడున్నాడు. చెరువుగట్టు మలుపులో, ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు చుట్టుకుని, పక్కన బిందెడు నీళ్ళు పెట్టుకుని ఎవరో అడ్డంగా నించున్నారు.

"దిగరా" అన్నాడు ప్రసోంగ్. "చెట్లు అలుగుతాయి."

"నీకూ పట్టిందా పిచ్చి? చెట్లెక్కడున్నాయిరా?"

"వచ్చే ఏడువి. ఇప్పట్నుంచే అలగడం నేర్చుకుంటన్నాయి. చెంబు అందుకో!"