ఉన్న సపోర్టును లేదనిపించిన వైనం

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తయితే, ఆర్నెల్ల ప్రొబేషన్ దాటి అది నిలబడడం మరో ఎత్తు. అబ్బాయి హైటెక్ సిటీలో పని చేస్తున్నాడని భీమవరంలో మా అమ్మ వీధంతా చెప్పుకునేది గాని, మణికొండ గదిలో నేను మాత్రం పరుపైనా కొనలేదు (పంపించేస్తే మళ్లీ మోసుకెళ్లాలి కదా!).

నాకప్పగించిన పని వినడానికి చిన్నదే. ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో ఇంకో కంప్యూటర్‌ని నడుపుతాం, దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. పైదాని గ్రాఫిక్స్ కార్డును, అంటే తెర మీద బొమ్మ చూపించే భాగాన్ని, లోపలిదానికి పూర్తిగా అప్పగించడానికి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్ అంటారు) సపోర్టు ఉందో లేదో కనిపెట్టి చెప్పే ప్రోగ్రామ్ రాయాలి. రాశాను. "ఉంది" అంది. ఎగిరి గంతేసి కార్డు అప్పగించాను. మానిటర్ నల్లబడింది! వెంటనే ప్లగ్ పీకేశాను. మళ్లీ పెడితే మామూలుగానే ఉంది. మళ్లీ అప్పగించాను, మళ్లీ చీకటి, మళ్లీ ప్లగ్. రెండ్రోజులు ఇదే తంతు. చివరికి తప్పంతా నా ప్రోగ్రామ్‌దేనని తేల్చేసి, ఆ కార్డుకు "లేదు" అని చెప్పేలా మార్చేశాను.

మర్నాడు మా లీడ్ చూడటానికి వచ్చాడు. సిద్దిపేట మనిషి. ఎవరు కంగారుపడినా "ఫికర్ జేయకు" అంటాడు కనుక అందరం ఫికరన్న అనేవాళ్లం (వెనకాలే లెండి). నా ఉద్యోగం ఉంచాలో ఊడగొట్టాలో రాసేది ఆయనే.

"మొన్న ఉందన్నవ్ గదా, ఇయాల లేదంటుందేంది?"

"అంటే... ముందు ఉందనే అందండి. కానీ అప్పగిస్తే మానిటర్ చచ్చిపోతోందండి."

"ఏదీ, కార్డు లోపలిదానికి ఇయ్యి చూద్దాం."

ఇచ్చాను. చీకటి. నా చెయ్యి అలవాటుగా ప్లగ్ మీదికి పోయింది. ఆయన గబుక్కున పట్టుకున్నాడు.

"అరె, జర ఆగు! కార్డు లోపలిదానికి ఇచ్చినంక పైదానికి బొమ్మెట్ల వస్తది? లోపలిది లేవాలె గద. అది లేవనీకి టైం పడతది. పా, చాయ్ తాగొద్దాం."

నా చాయ్ సగంలోనే వదిలేశాను. తిరిగొచ్చి చూస్తే మానిటర్ మీద లోపలి మెషీన్ నిక్షేపంగా వెలుగుతోంది. అంటే రెండ్రోజులుగా నేను గెలిచిన ప్రతిసారీ నా చేత్తో నేనే ప్లగ్ పీకేశానన్నమాట!

"నీ ప్రోగ్రామ్ మంచిగనే చెప్పింది. నువ్వే దాన్ని నమ్మలే" అని ఫికరన్న పగలబడి నవ్వాడు.

నవ్వుతున్నాడు కదా అని ధైర్యం చేసి, "మరి నా ప్రొబేషన్ సంగతండీ?" అని అడిగేశాను.

"గది పోయిన వారమే ఓకే రాసి పంపిన. నీకు చెప్పలే?"

ఇప్పుడు నేనూ ఒక టీమ్‌కి లీడ్‌నే. ఎన్ని కార్డులు పరీక్షించినా టీ చల్లారేలోపు తేలిపోతుంది, ఎవరూ కుర్చీలోంచి లేవరు. ఆ చాయ్ తాగిన రోజు సాయంత్రం గదికి పోతూ షేర్ ఆటోలో పక్కనున్న ముక్కూ మొహం తెలియని పెద్దాయనకి "మానిటర్ వెలిగిందండీ!" అని చెప్పిన కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయా కలుగుతుంది. అంత చిన్నదానికి అంత సంతోషించడం ఇప్పుడు నాకు చేతకావడం లేదు.