కోళ్లగూడు కావలసిన పడవ

ఆత్మకూరు అవతల, కృష్ణ నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడే నల్లమట్టిలో నాకు రెండెకరాల శనగ చేను ఉంది. మధ్యలో ఒక పాయ మిగులుతుంది కాబట్టి అక్కడికి పోవాలంటే పడవే దిక్కు. నీళ్లంటే బోరులో తప్ప చూడని వంశంలో పుట్టి, యాభై ఎనిమిదో ఏట తెడ్లు పట్టాను.

పోయినేడు గట్టు మీద జారిపడ్డాక నా ఎడమ భుజం సరిగ్గా లేవడం మానేసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆవిడ మరునాడే చేను కౌలుకిచ్చేస్తుంది. చేను లేకపోతే నేను టీవీ ముందు కూర్చుని అందరినీ తిట్టే మనిషినైపోతాను. అందుకని పడవ ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతుంటే, తెడ్లను అంచుకు పట్టి ఉంచే ఇనుప కొండీల మీదికి నెపం నెట్టాను. కిర్రుమనడం తప్ప పాపం వాటికి వేరే మాట రాదు.

బిగించి చూశాను, వదులు చేసి చూశాను. చివరికి బండి ఇరుసుకు పెట్టినట్టు ఆముదంలో మసి కలిపి చారెడు కందెన పట్టించాను. కిర్రు ఆగింది. రెండో ఊపుకే తెడ్డు జారి నీళ్లలో పడి, నాకంటే నేరుగా ప్రయాణం చేసింది. గుండ్రటి బుట్టలాంటి పుట్టిలో చేపలు పడుతున్న ఒకాయన దాన్ని తెచ్చిచ్చాడు.

"ఏమప్పా, ఈడ ప్రదక్షిణాలు చేస్తాండావా? అవేందో అహోబిలంలో చేస్తే పుణ్యమన్నా వస్తాది గదా!"

ఒడ్డున నిలబడి మా ఆవిడ అంతా చూసింది. "రేపు నేనూ వస్తా. నేరుగా పోయిందా, సరే. మళ్లా గిరగిరా తిరిగిందంటే దీన్ని బోర్లేసి కోళ్లగూడు చేస్తా, చేను కౌలుకిస్తా," అంది. ఆమె మాటంటే మాటే.

మరునాడు పడవెక్కి కొండీల వంక కూడా చూడలేదామె. నా ఎడమచేతి తెడ్డుకు, కొండీలో ఆనే చోట చుట్టిన తోలు పట్టీని విప్పి, బెత్తెడు అవతలికి జరిపి కట్టింది. దాంతో ఆ తెడ్డు పిడి నావైపు బెత్తెడు ఎక్కువ వచ్చింది.

"ఇదేం పని?" అన్నాను.

"లాగు."

లాగాను. పడవ నేరుగా పోయింది. భుజం మూలగలేదు. పుట్టి ఆయన నోరు తెరుచుకుని చూశాడు. ఏ పంట ఇంట్లోకి వచ్చినప్పుడూ నాకంత సంతోషం కలగలేదు.

"బలం తక్కువ ఎద్దు పక్క మా నాయన కాడి పొడుగు పెట్టేటోడు, దానికి బరువు తక్కువ పడాలని," అందామె చేను వైపు చూస్తూ.

"ఎవరికి బలం తక్కువ?" అని ఎగిరాను.

"ఏడాది నుంచి చొక్కాలో ఎడమ చెయ్యి ముందు దూరుస్తాండావు. నొప్పున్న చెయ్యే ఎవురైనా ముందు దూర్చేది. నాకు కండ్లు లేవా?"

ఏడాదిగా ఆమెను ఏమార్చానని మురిసిపోతున్న నాకు సిగ్గేసింది. ఆ వెంటనే భయమూ వేసింది. "అయితే చేను కౌలుకిస్తావా?" అని అడిగాను.

"ముసలిదైందని మా నాయన ఏ ఎద్దునూ సంతకు తోల్లేదు. కాడి జరిపినాడు. నోరు మూసుకోని తెడ్డెయ్."

వేశాను. కోళ్లు ఇంకా చెట్టు మీదే పడుకుంటున్నాయి.