మా అయ్య మాట కింద ఇంకొకరి పేరు

మా అయ్య పోయాక ఇంట్లో ఆయనది అంటూ ఏమీ మిగల్లేదు. వల చిన్నాన్న పట్టుకెళ్ళాడు. అయ్యను ఫొటో దిగమంటే "నా మొకానికి ఫొటో ఏట్రా" అని తప్పించుకునేవాడు. ఓటరు కార్డు మీది బొమ్మ ఆయనదో కాదో పోల్చుకోవడమే కష్టం. జాలరిపేటలో పుట్టి, వేటకెళ్ళి బతికి, సంతకం కూడా రాకుండానే వెళ్ళిపోయాడు. ఆయన గొంతు ఎలా ఉండేదో మరిచిపోతానేమోనని నాకు భయంగా ఉండేది.

నేను చదువుకున్నాను. తొంభైల్లో స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక పుస్తకాల పిచ్చి ముదిరింది. క్యాంటీన్‌లో టీ తాగుతూ లైబ్రరీ పుస్తకం చదివి, నచ్చిన వాక్యాన్ని నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి. షిఫ్టుల్లో బతికేవాళ్ళకు పెళ్ళిళ్ళూ చావులూ కూడా షిఫ్టుతోనే గుర్తు. అందుకని ప్రతి వాక్యం కింద తారీకూ షిఫ్టూ వేసేవాణ్ణి. పుస్తకం పేరు రాయాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

తర్వాత పదేళ్ళకు పాత కంప్యూటరొకటి కొని బ్లాగు తెరిచాను. నోటుబుక్కులోని వాక్యాలు రోజుకొకటి పెట్టేవాణ్ణి. ఎవరు రాశారో గుర్తులేని చోట శైలిని బట్టి పేరు వేసేవాణ్ణి. ఏ రచయిత వాక్యమో నాకు తెలియదా అని పొగరు.

ఒక వాక్యానికి పెద్ద నవలా రచయిత పేరు పెట్టాను. "సముద్రం మీద ఇల్లు గుర్తొచ్చేది, ఇంట్లో సముద్రం గుర్తొస్తోంది. నేనెక్కడా కుదురుగా లేను." ఎవరో పాఠకుడు, అది ఆయన పుస్తకాల్లో ఎక్కడా లేదే అన్నాడు. నాకు చిర్రెత్తింది. సరిగ్గా చదవమని జవాబు కొట్టాను. అతను వదల్లేదు, ఏ పుస్తకమో చెప్పమన్నాడు. రెండు ఆదివారాలు లైబ్రరీలో ఆ నవలలన్నీ తిరగేశాను. దొరకలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని విసుగ్గా ఆ వాక్యం పైకి చదివాను. అమ్మ గుమ్మంలో వెల్లుల్లి వొలుస్తోంది.

"మల్లీ సదువు" అంది.

చదివాను.

"అది మీ అయ్య మాట కదేట్రా. మంచం పట్టినప్పుడు నీతోటే అన్నాడు. నాను పక్కనే ఉన్నాను."

నోటుబుక్కు తీసి చూశాను. మిగతా అన్నిటి కిందా షిఫ్టు ఉంది. దీని కింద మాత్రం 'లీవు' అని ఉంది. అయ్యను చూసుకోవడానికి పెట్టిన ఆఖరి సెలవు అది. ఆయన మాటను నేనే పుస్తకాల భాషలోకి దిద్ది రాసుకుని, దిద్దిన సంగతి మరిచిపోయి, తీసుకెళ్ళి ఇంకొకరికి కట్టబెట్టాను. పైగా ఊరూపేరూ తెలియని మనిషితో పోట్లాడాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇప్పుడు ఎవల పేరుందక్కడ?" అని అడిగింది అమ్మ.

చెప్పాను. ఆమె మళ్ళీ వెల్లుల్లి వొలుచుకోసాగింది. తిట్టినా బాగుండేది.

ఆ పేరు కొట్టేసి అయ్య పేరు టైపు చేశాను. పాఠకుడికి క్షమాపణ రాశాను. అమ్మ లేచి వచ్చి, ఆయన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే, చదవడం రాకపోయినా చాలాసేపు దానివైపే చూసింది.

"సముద్రం అని అన్లేదు మీ అయ్య. సంద్రం అన్నాడు" అంది.

మార్చాను. మార్చి పైకి చదివితే, అయ్య గొంతు వినబడింది.