ఉస్తాద్ బరువుకు తిప్పిన సీటు

బండ కొట్టే మిషన్ సీటు విరిగితే తప్పు ఎవరిదని అడిగి చూడండి. డ్రైవరు సీటు మీద చెబుతాడు. కాంట్రాక్టరు డ్రైవరు మీద చెబుతాడు. సీటుకు నోరు లేదు. ఆ నోరేదో నాకుంది కాబట్టి అందరికీ నా మీద కోపం.

హఫీజ్‌పేట్ స్టేషన్‌కు పోయే దారిలో మాకొక రేకుల షెడ్డు ఉంది. తవ్వే మిషన్లు, రోలర్లు, డోజర్లు, వాటి సీట్లు బాగుచేస్తాం. ఇనుము పని మా ఆయనది. స్పాంజి, రెగ్జిన్, కుట్టు నావి. మాట్లాడే పని కూడా నాదే, మా ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సుత్తితో తప్ప నోటితో చప్పుడు చేయడు.

మిషన్ సీటంటే కుర్చీ అనుకుంటారు జనం. కాదు. కింద కత్తెరలాగా మడుచుకునే ఇనుప చట్రం ఉంటుంది. దాని నడుమ స్ప్రింగు. ముందు వైపు ఒక పిడి. కూర్చున్న మనిషి ఎంత బరువుంటే పిడి అంతకు తిప్పుకోవాలి, పక్కన గీతల మీద ముల్లు కిలోలు చూపిస్తుంది. బక్క మనిషికి స్ప్రింగు వదులుగా ఉండాలి, లావు మనిషికి బిగువుగా ఉండాలి. శాస్త్రం ఇంతే. నాకు అక్షరాలు వెంట్రుకలు తెల్లబడ్డాక వచ్చాయి. అంకెలు మాత్రం అంతకు ముందే వచ్చు, కిరాణా కొట్టు నేర్పింది. ఆ ముల్లు చూడడానికి అంకెలు చాలు. అయినా దాన్ని తిప్పే మనిషిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. కొత్త సీటు ప్లాస్టిక్ కవరు చిరిగిపోయేదాకా విప్పరు, దాని మీద చెమటకు జారుతూ కూర్చుంటారు. దాని మీద తువ్వాల, తువ్వాల మీద దిండు. పిడి మాత్రం ముట్టుకోరు.

ఈ సంగతి ఒక్క సీటు గురించి. దాన్ని మొదట తెచ్చినప్పుడు ఎండాకాలం. ట్రాలీ ఆటోలో సీటు వేసుకుని ఒక డ్రైవరు వచ్చాడు. పాలమూరు దిక్కు మనిషి, ముప్పై దాటి ఉంటాడు, తాటిమట్టలా ఎండిపోయి ఉన్నాడు. ఆటో కడ్డీ పట్టుకుని, ముందు ఒక కాలు, తరువాత ఇంకో కాలు, కాన్పైన ఆడమనిషిలా దిగాడు.

“అవ్వా, జర జల్ది చెయ్యవా, మిషన్ ఆగి ఉంది.”

“మిషన్ సంగతి తర్వాత. నీ నడుముకేమైంది?”

“ఏం గాలే.”

“ఏం గానోడు గట్ల దిగుతడా?”

“కూసొని కూసొని పట్టేసింది. దవాఖానల ఫొటో దీసిండ్రు. గిట్లనే ఉంటె పని ఇడిచిపెట్టుమన్నడు డాక్టరు. ఇడిచిపెట్టి ఏం దినాలె? అది చెప్పలే.”

మా ఆయన చట్రం విప్పాడు. ఒక పక్క కీలు మేకు మెలిపడి ఉంది. నేను ముల్లు చూశాను. నూట పది దగ్గర నిలబడి ఉంది.

“నువ్వెంత ఉంటవు?”

“యాభై చిల్లర.”

“మరి ఇదెవరి బరువు? నీ అసొంటోళ్లు ఇద్దరెక్కినా ఇంత గారు.”

వాడు నవ్వాడు. “మా ఉస్తాద్‌ది.”

ఆ మిషన్ మీద ఇద్దరు డ్రైవర్లు. మాదాపూర్‌లో ఏదో పెద్ద బిల్డింగుకు సెల్లారు తవ్వుతున్నారు. తవ్వడం ఏముంది, కింద అంతా బండే, రోజంతా మిషన్ చేతికి ఇనుప సుత్తి బిగించి కొట్టడమే. పొద్దుటి పూట ఉస్తాద్ ఎక్కుతాడు, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఈ శిష్యుడు. వీడు ఏళ్ల తరబడి అదే ఉస్తాద్ దగ్గర మిషన్ తుడిచి, గ్రీజు పెట్టి, చివరికి లివరు పట్టిన మనిషి. నేను పిడి చూపించి, ఎక్కినప్పుడల్లా నీ బరువుకు తిప్పుకో అని చెప్పాను. మా ఆయన చేత అక్కడే యాభైఐదుకు తిప్పించాను. “సరే అవ్వా” అన్నాడు. ఆ మాట అంటే ఏమీ చేయననే అర్థమని నాకు తెలియకపోలేదు.

వానలు వెనకబట్టాక మళ్లీ అదే ఆటో, అదే సీటు, అదే కీలు, అదే పక్క. ముల్లు మళ్లీ ఉస్తాద్ తిప్పుకున్న నూట పది మీదే. వాడి నడుము ఇంకాస్త వంగింది. నేను కడుపునిండా తిట్టాను. వాడు తల వంచుకుని విన్నాడు. తిట్లు వినడంలో వాడికున్న ఓపిక పిడి తిప్పడంలో ఉంటే ఎంత బాగుండేది.

అంతలో మా ఆయన చిటికె వేసి పిలిచాడు. చట్రం మీద రంగు లేచిపోయి గీతలు గీతలుగా ఉంది, ఒక్కచోటే, తీగ ఒరుసుకున్నట్టు.

“ఇదేంది?” అన్నాను వాడిని.

“ఎలుక గొరికిందేమో.”

“ఇనుము గొరికే ఎలుకలు మాదాపూర్‌లనే ఉంటయారా? మా హఫీజ్‌పేట్‌ల లెవ్వు గద!”

చివరికి నిజం కక్కాడు. ఉస్తాద్ బరువుకు బిగించిన స్ప్రింగు మీద వీడు కూర్చుంటే అది అణగదు. సుత్తి బండ మీద పడినప్పుడల్లా సీటు వీడిని పైకి ఎగరేస్తుంది, కాళ్లు పెడల్ మీద నుంచి లేచిపోతాయి. అందుకని చువ్వలు కట్టే తీగ తెచ్చి, సీటును కిందికి లాగి కట్టేస్తున్నాడు. అప్పుడు ఎగరదు. ఎగరదు కానీ కదలను కూడా కదలదు, బండకు తగిలిన దెబ్బ తిన్నగా వెన్నుపూసకే. పైగా కట్టింది ఒక పక్క, కాబట్టి కీలు మెలిపడుతోంది. చీకటి పడి దిగే ముందు తీగ విప్పి జేబులో పెట్టుకుంటాడు, తెల్లారి ఎక్కే ఉస్తాద్‌కు తెలియకూడదని.

నాకు మాట రాకపోవడం చూసి మా ఆయన సుత్తి కింద పెట్టాడు.

“తీగ దెచ్చి, గుంజి, కట్టి, ఇప్పి... గింత కష్టం చేసేటోనివి పిడి తిప్పుకుంటె అయిపోవు గద!”

“ఉస్తాద్ సెట్టింగ్ అవ్వా. మనమెట్ల ముట్టుకుంటం?”

“ముట్టుకుంటె షాక్ కొడ్తదా?”

“నీకు దెల్వదు. ఉస్తాద్ పెట్టింది శిష్యుడు మార్చుడంటె, నీకు రాదు నాకొస్తది అన్నట్టు. అద్దం గూడ మార్చ నేను. నా చేయి మీద చేయి బెట్టి లివరు నేర్పిండు ఆయన.”

ఈ మర్యాద నాకు కొత్తేమీ కాదు. ఈ పనిలో ఉస్తాద్ తాగిన గ్లాసులో శిష్యుడు తాగడు, ఉస్తాద్ ఎక్కకుండా కొత్త మిషన్ తాళం తిప్పడు. మంచిదే. కానీ స్ప్రింగుకు ఉస్తాద్ ఎవరో శిష్యుడు ఎవరో తెలియదు కదా.

ఆ సాయంత్రమే కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. గోదావరి వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. “సీటు ఎప్పుడూ ఆ కుర్రాడి డ్యూటీలోనే పోతుందండి. పెద్దాయన ఎక్కినంతసేపు ఏమీ అవ్వదు. ఇంకోసారి విరిగిందంటే కుర్రాణ్ణి మార్చేస్తానమ్మా, నా వల్ల కాదండి.”

తీగ సంగతి చెబితే అప్పుడే తీసేస్తాడు. చెప్పకపోతే ఇంకోసారి విరగ్గానే తీసేస్తాడు. తినడానికి తిండి కావాలని నడుము విరగ్గొట్టుకుంటున్న మనిషి, చివరికి నడుమూ పోయి, తిండీ పోయేలా ఉన్నాడు. అదంతా ఒక్క పిడి తిప్పనందుకు!

సీటు మేమే బిగిస్తామని చెప్పి మర్నాడు ఇద్దరం మాదాపూర్ వెళ్లాం. అక్కడ అద్దాల బిల్డింగుల నడుమ గొయ్యి, గొయ్యి అడుగున మిషన్. గొయ్యి దిగే దారి చూస్తేనే నా మోకాళ్లు తిట్టాయి నన్ను. దిగాను. సీటు బిగించడం అయ్యేసరికి డ్యూటీ మారే వేళ అయింది. ఉస్తాద్ నీడలో కూర్చుని సద్ది విప్పుతున్నాడు. వడ్ల గుమ్మిలాంటి మనిషి, మీసం తెల్లబడింది. శిష్యుడు చెంబులో నీళ్లు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు, వంగిన నడుముతో.

నేను నేరుగా ఉస్తాద్ దగ్గరికే పోయాను. “తమ్మీ, నీ శిష్యుని నడుము జూసినవా?”

“జూసిన అక్కా. జెండూబామ్ రాసుకొమ్మన్న.”

“బామ్ గాదు. నువ్వు దిగేటప్పుడు పిడి నీ బరువు మీదనే ఇడుస్తున్నవు. వీడు నీ మీద మర్యాదతోని దాన్ని ముట్టుకోడు. తీగ వెట్టి సీటు కట్టుకొని కూసుంటుండు. నీ మర్యాద వీని పానం దీస్తుంది.”

ఉస్తాద్ ముద్ద నోటి దగ్గరే ఆపాడు. శిష్యుడి ముఖం నల్లబడింది.

“నేనేమన్న వద్దన్ననా?” అన్నాడు ఉస్తాద్ వాడి వైపు తిరిగి. “పిడి ముట్టొద్దని ఎన్నడన్న జెప్పిన్నా రా?”

“లే ఉస్తాద్.”

“మరేం రోగం?”

వాడు చెంబు కింద పెట్టి నన్ను పక్కకు పిలిచాడు. “అందర్ల నా ఇజ్జత్ దీసినవ్ అవ్వా. ఇగ మీ షెడ్డుకు రాను, పో.”

“రాకు. సీటు ఇరగకుంటె రావాల్సిన పని లేదు. నాక్కావాల్సింది గదే.”

ఉస్తాద్ చేయి కడుక్కుని, మిషన్ ఎక్కి, తన చేత్తో పిడిని యాభైఐదుకు తిప్పాడు. తిప్పి దిగి, “ఎక్కు” అన్నాడు. వాడు ఎక్కి కూర్చున్నాడు. సుత్తి బండ మీద పడింది. సీటు మెల్లగా కిందికి పోయి పైకి వచ్చింది, అది పుట్టిన పని అది చేసింది. అయిపోయింది పీడ అనుకున్నాను. తిరిగి ఆ గొయ్యి ఎక్కుతూ మా ఆయనతో అదే అన్నాను. ఆయన వెనక్కి తిరిగి మిషన్ వైపు చూశాడు. అప్పుడే నేను అనుమానించాల్సింది.

చలి మొదలయ్యేసరికి సీటు మళ్లీ వచ్చింది. రానన్న మనిషే తెచ్చాడు. ఒకటి గమనించాను, ఆటోలోంచి దూకి దిగాడు. నడుము నిటారుగా ఉంది. కానీ ముఖంలో నెత్తురు లేదు.

“నేను తీగ గట్టలే అవ్వా. నా బిడ్డ మీద ఒట్టు. మల్ల ఇరిగింది. సారు ఇయ్యాల్నే లెక్క జూసుకొని పొమ్మన్నడు.”

ముల్లు చూశాను. యాభైఐదు మీదే ఉంది. కొత్తగా తీగ గీతలు లేవు. అప్పుడు మా ఆయన చట్రం అడుగున చేయి పెట్టి రెండు రబ్బరు బిళ్లలు బయటికి లాగాడు. సీటు పూర్తిగా కిందికి కుంగితే ఇనుముకు ఇనుము తగలకుండా ఉండే బిళ్లలవి. రెండూ అప్పడాల్లా నలిగిపోయి ఉన్నాయి.

“ఇవి నలగాల్నంటె వీని బరువు సాలది,” అన్నాడు. ఆ రోజుకు ఆయన మాటలు అయిపోయాయి.

నాకప్పుడు వెలిగింది. శిష్యుడి కోసం తిప్పి పెట్టిన పిడిని ఉస్తాద్ మళ్లీ వెనక్కి తిప్పుకోలేదు. తెల్లారి ఎక్కి, నూట పది కిలోల మనిషి, బక్కోడి స్ప్రింగు మీదే కూర్చున్నాడు. వారాల తరబడి. సుత్తి దెబ్బ దెబ్బకూ సీటు అడుగుకు కొట్టుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాడు. వీడు మళ్లీ ముట్టుకోడేమో, దిగేటప్పుడు తాను తిప్పడం మర్చిపోతే వీడి నడుము పోతుందేమో అని.

కాంట్రాక్టరుకు ఫోన్ కలిపాను. సీటు ఎవరి బరువుకు విరిగిందో చెప్పి, రబ్బరు బిళ్లలు పంపిస్తాను చూసుకొమ్మన్నాను.

“పెద్దాయనని నేనేమీ అనలేనండి.”

“అయితే వీన్ని గూడ అనకు.”

“సరేనమ్మా. కుర్రాణ్ణి రమ్మనండి.”

ఫోన్ పెట్టేసి చూస్తే వాడు నేల మీద కూలబడి ఉన్నాడు. పని దక్కిందని చెప్పినా లేవలేదు.

“నా నంబరు మీద కూసున్నడా?”

“కూసున్నడు.”

“ఆయనకు నడుము నొప్పి ఉన్నదవ్వా. చానేండ్ల సంది ఉన్నది. ఎవ్వలికి జెప్పడు.”

“నువ్వు గూడ జెప్పలే. ఇద్దరికిద్దరు సక్కగ దొరికిండ్రు నా పానానికి!”

సీటు తయారయ్యాక వాడే ఎత్తుకుపోయాడు. తరువాత సంగతి మా ఆయన బిగించడానికి ఒకసారి, ఎలా ఉందో చూడడానికి మర్నాడు ఒకసారి వెళ్లి తెలుసుకున్నాడు, నేను ఒక్కొక్క మాట లాగితే చెప్పాడు. ఆ సాయంత్రం దిగే ముందు శిష్యుడు పిడి పట్టుకున్నాడట. తన నడుము విరుగుతున్నప్పుడు ముట్టుకోని పిడిని పట్టుకుని, నూట పదికి తిప్పి, ముల్లు రెండుసార్లు చూసి దిగాడట. మర్నాడు మధ్యాహ్నం దిగుతూ ఉస్తాద్ యాభైఐదుకు తిప్పాడట. ఇప్పుడదే నడుస్తోంది. ఒకడి కోసం ఇంకొకడు తిప్పుతాడు. ఎక్కినవాడు తనకు తాను తిప్పుకుంటే సరిపోదా అని వాడిని అడిగాను. సరిపోదట. అట్లా బాగుండదట.

సీటు మళ్లీ రాలేదు. నా కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఈ మధ్య ఉస్తాద్ చుట్టాల పెళ్లికని ఊరికి పోయాడు. ఆ పొద్దున్నే శిష్యుడి ఫోన్.

“అవ్వా, ఉస్తాద్ లేడు. నిన్న నేనే ఆయన నంబరుకు తిప్పి దిగిన. ఆయన రాలే. ఇప్పుడు పొద్దట్నించి నేనే ఎక్కాలె.”

“ఎక్కు.”

“పిడి అట్లనే ఉన్నది.”

“నీ చెయ్యేడ వోయిందిరా?”

“ఉన్నది.”

“మరి తిప్పు!”

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని విన్నాను. కాసేపటికి పిడి కిర్రుమన్నది. “ఉస్తాద్‌కు జెప్పకు అవ్వా” అన్నాడు.